తెరచాప పడవ అమ్మే ముందు

భద్రాచలం



కూనవరం రేవులో ఉన్న తెరచాప పడవను అమ్మేద్దామనుకుంటున్నానని రాశావు. వద్దని చెప్పను. నడపని పడవను ఉంచుకుంటే ఏటేటా మరమ్మతు ఖర్చే మిగులుతుంది. అయితే కర్రల వ్యాపారి ఇంత అన్నాడు, రిసార్టు వాళ్లు అంతకంటే కాస్త ఎక్కువ అన్నారు, ఎవరికి ఇవ్వమంటావు అని అడిగావు చూడు, అక్కడే నాకు అభ్యంతరం. ఆ ఇద్దరిలో ఎవరూ పడవను కొనడం లేదు. ఒకడు కర్ర కొంటున్నాడు, ఇంకొకడు అలంకారం కొంటున్నాడు. నా సలహా ఒక్కటే. దాన్ని పడవగానే అమ్ము. నీళ్లలో తేలుతూ, తెరచాప ఎత్తి ఉండగా చూపించి, నీళ్లలోనే ఉంచేవాడికి అమ్ము. ఇది పాతకాలం మీద మమకారంతో చెప్పే మాట కాదు, నీకు నాలుగు డబ్బులు ఎక్కువొచ్చే దారి కూడా అదే.

ఇలాంటి పడవకు సరైన ధర ఎవరూ చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఈ నదే మనకు రహదారి. మధ్య పరగణాల పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని కాటన్ దొర తలపెట్టిన పథకంలోదే దుమ్ముగూడెం ఆనకట్ట, దాని పక్కనున్న కాలువ, లాకులు. ఖర్చు పెరిగిపోయి 1871లో ఆ పథకాన్ని వదిలేసినా, దిగువన పడవల రాకపోకలు ఆగలేదు. వెదురు, కలప, చింతపండు ప్రవాహంతో పాటు రాజమహేంద్రవరం దిగేవి. తిరుగు ప్రయాణంలో గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. తర్వాత లాంచీలు వచ్చాయి, 1965లో భద్రాచలం దగ్గర వంతెన తెరిచారు, సరుకు లారీ ఎక్కింది. పడవల అమ్మకాలు, కొనుగోళ్లు పోయాక వాటి ధర తెలిసినవాళ్లూ పోయారు. సంత లేని వస్తువును కొనడానికి వచ్చినవాడు తనకు తెలిసిన కొలతే పట్టుకొస్తాడు. దాన్ని మోసం అనలేం. కానీ ఆ కొలతకు నువ్వు ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

కర్రల వ్యాపారి లెక్క ఘనపుటడుగుల్లో ఉంటుంది. ఆ లెక్కలో నీ పడవకు అన్నీ తీసివేతలే. పలకల నిండా మేకుల బెజ్జాలు, లోపలి కర్రలన్నీ వంకర, తిన్నగా పొడవాటి ముక్క దొరకడమే కష్టం. ఆ వంకరలోనే కదా వడ్రంగి పనితనమంతా ఉంది! సహజంగా వంగిన కొమ్మ కోసం వెతకడం, పలకను పడవ ఒంపుకు తగ్గట్టు వంచి బిగించడం, సందుల్లో పీచు కూరి గుగ్గిలం, నూనె పట్టించడం, ఇదంతా కూలి. కర్ర ధరలో ఆ కూలికి చోటు లేదు. పాడి ఆవును తోలు ధరకు అమ్మినట్టవుతుంది. అందుకే ముందు ఎదురు లెక్క వెయ్యి. ఇలాంటి పడవను ఇవాళ కొత్తగా కట్టించాలంటే కలపకు, ఇనుముకు, తెరచాప గుడ్డకు, వడ్రంగుల కూలికి ఎంతవుతుందో కనుక్కో. అందులోంచి పడవ వయసుకు, చేయించాల్సిన మరమ్మతుకు తగ్గించు. తాళ్లరేవు, కోరంగి ప్రాంతంలో పడవలు కట్టే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లలో ఒకరిని రప్పించి చూపిస్తే, ఆ దారి ఖర్చు బేరంలో తిరిగొస్తుంది.

రిసార్టు వాళ్లు ఎక్కువిస్తామంటున్నారు కదా అంటావు. నిజమే, కానీ వాళ్లు పడవను పచ్చిక మీద పెట్టి దీపాలు కడతారు. నీళ్లలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. గట్టెక్కించి మన వేసవి ఎండకు వదిలేస్తే కర్ర ఎండి కుంచించుకుపోతుంది, సందులు విచ్చుకుంటాయి. అది వాళ్లకూ తెలుసు. అందుకే ఎంత ముచ్చటపడినా బొమ్మకు ఇచ్చే ధరే ఇస్తారు తప్ప పడవకు ఇచ్చేంత ఇవ్వరు.

మరి ఈ రోజుల్లో తెరచాప పడవ ఎవడు కొంటాడు? నీ అభ్యంతరాల్లో గట్టిది ఇదే. కొనేవాళ్లు తక్కువ, ఒప్పుకుంటాను. కానీ పనితనం చూసి డబ్బిచ్చేవాళ్లు లోకంలో లేకపోలేదు. కేరళలోని బేపూర్‌లో కాగితం మీద నమూనా గీయకుండానే ఉరువులనే పెద్ద చెక్క పడవలు కట్టే వడ్రంగులకు గల్ఫ్ దేశాల నుంచి పని వస్తోంది. నార్వే, డెన్మార్క్ వంటి ఉత్తర ఐరోపా దేశాల చెక్కపడవల విద్యను యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. అక్కడి ఫైబర్ పడవల మధ్య నీది ఇమడదు గానీ, తెరచాప విలువ తెలిసినవాళ్ల చిరునామాలు అక్కడే దొరుకుతాయి. నీకు కావలసింది పదిమంది కాదు, ఒక్కడు. ఆ ఒక్కడికోసం ఒక ఏడాది ఓపిక పట్టు. అప్పటికీ రాకపోతే రిసార్టుకే ఇవ్వు, తప్పులేదు. కర్రగా మాత్రం చీల్చనివ్వకు.

ఇక, పర్యాటకులను ఎక్కించుకుని సంపాదించుకోవచ్చని ఆశపెట్టి అమ్మకు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో ఈ నదీతీరమంతా చూసింది. ఏ పడవ ఎందరిని మోయగలదన్నది అధికారులు తేల్చాల్సిన విషయం, అమ్మేవాడు చెప్పాల్సింది కాదు. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం యంత్రం లేని పడవలను కూడా లెక్కలోకి తెచ్చింది కాబట్టి, నమోదు సంగతి ముందే కనుక్కుని కొనేవాడికి చెప్పు. పడవ ఎక్కడ కారుతుందో, ఏ పలక మార్చాలో కూడా ఒక కాగితం మీద రాసివ్వు. లోపాలు రాసిస్తే ధర పడిపోతుందేమోనని నీ భయం. తెలిసిన లోపానికి కొనేవాడు మరమ్మతు ఖర్చు వరకే తగ్గిస్తాడు. తెలియనిదానికి తన అనుమానమంత తగ్గిస్తాడు.

చూపించడానికి కాలం కూడా ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన సంగతి మరిచిపోలేదుగా, వరద రోజుల్లో ఎవరినీ రమ్మనకు. వేసవిలో నీరు తగ్గి ఇసుక తేలుతుంది. వరద తీసిన దగ్గర నుంచి ముక్కోటి దాకా మంచి అదను. అప్పుడు భద్రాచలంలో తెప్పోత్సవం చూడ్డానికి వచ్చే జనంలో నీకు కావలసినవాడూ ఉండొచ్చు. అమ్మాక తరలింపు వేరే తలనొప్పి. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా 171 కిలోమీటర్ల గోదావరి పేరుకు జాతీయ జలమార్గమే గానీ, పోలవరం పనులతో ఆ దారిన పడవ నేరుగా దిగే వీల్లేదు. లారీ తప్పదు. 2014 తర్వాత కూనవరం ఆంధ్రలోకి, భద్రాచలం పట్టణం తెలంగాణలోకి వచ్చాయి కనుక, ఇటు తెస్తే రాష్ట్ర సరిహద్దు కూడా దాటాలి. అది పడవే కదా అని నువ్వంటావు, చెక్‌పోస్టులో వాళ్లకు టేకు కనిపిస్తుంది. బయానా పుచ్చుకునే ముందే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, ఏ కాగితాలు కావాలో అడిగి తీసుకో. అవి చేతికి రాకుండా లారీ మాత్రం మాట్లాడకు.

మీ పెదనాన్న