రెండు తీగల మీద సంభాషణ

తరగతిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు. కారులో బ్రేకు కబురుకు ఆ గతి పట్టరాదు కదా!

పూర్వం కారులో పరికరానికొక తీగ ఉండి కట్టలు బరువెక్కేవి. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ ‘క్యాన్’ పద్ధతిని ప్రకటించింది. ఇందులో మెలివేసిన రెండు తీగలే పరికరాలన్నిటికీ ఉమ్మడి దారి.

ప్రతి కబురూ 0, 1 అంకెల సంఖ్యతో మొదలవుతుంది. (మామూలుగా 11 అంకెలు, మనకు మూడు చాలు.) 010, 011 ఒకేసారి బయలుదేరాయనుకోండి. తీగ మీద 0దే పైచేయి. మూడో అంకెగా 1 పంపిన పరికరానికి 0 వినిపిస్తుంది. అది వెంటనే ఊరుకొని, తరువాత మళ్ళీ ప్రయత్నిస్తుంది. 010 చెక్కుచెదరకుండా సాగిపోతుంది. అందుకే అత్యవసరమైన కబుర్లకు చిన్న సంఖ్యలిస్తారు.

అయితే పంపినదెవరని క్యాన్ అడగదు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఈ లోపాన్ని వాడుకొని, నడుస్తున్న కారును దూరం నుంచే అదుపు చేసి చూపారు.