మోకాలి గుజ్జు ఎక్స్‌రేలో ఎందుకు కనిపించదు?

మోకాళ్ల నొప్పితో సాయం కోరి వచ్చే పెద్దవాళ్ల చేతిలో ఒక ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది. "గుజ్జు అరిగిపోయిందన్నారు బాబూ, సజ్దా చేయలేను, కుర్చీలోనే నమాజు" అంటారు. కొందరు విశాఖ వెళ్లి పెద్ద స్కానింగు చేయించుకోమన్న చీటీ కూడా చూపిస్తారు. ఆ చీటీకి డబ్బు మీ చందాల్లోంచే వెళ్లాలి. కాబట్టి ఆ స్కానింగు ఏం చూపిస్తుందో దాతలకూ తెలియడం మంచిది.

నిజానికి ఆ ఫిల్ములో గుజ్జు కనిపించదు. ఎముకలోని కాల్షియం కిరణాలను అడ్డుకుంటుంది కనుక ఎముక తెల్లగా పడుతుంది. గుజ్జు, అంటే మృదులాస్థి, దాదాపు మూడొంతులు నీరే. కిరణాలు దాన్ని దాటి పోతాయి. డాక్టరు చూసేది రెండు ఎముకల మధ్య ఖాళీని. ఖాళీ తగ్గితే గుజ్జు తగ్గిందని లెక్క. అందుకే ఎక్స్‌రే నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే కాలి మీద బరువు పడక, ఖాళీ బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు.

కనిపించని గుజ్జును చూపించే ఉపాయం అయోడిన్. కాల్షియం పరమాణు సంఖ్య 20, అయోడిన్‌ది 53. కిరణాలను గట్టిగా ఆపుతుంది. అయోడిన్ మందును సూదితో కీలులోకి ఎక్కించి, సీటీ యంత్రంలో పలుచని పొరలుగా బొమ్మలు తీస్తారు. కంప్యూటరు వాటిని పేర్చి కీలును త్రీడీలో నిలబెడుతుంది. మందు గుజ్జు చుట్టూ చేరుతుంది కనుక, కొద్ది మిల్లీమీటర్ల మందంలో ఉన్న పగుళ్లు, గుంటలు కూడా తెలుస్తాయి. దీని పేరు సీటీ ఆర్థ్రోగ్రఫీ. పేస్‌మేకర్ వంటివి ఉండి ఎమ్మారై కుదరని వారికి ఇది పనికొస్తుంది.

ఇంకో సంగతి మరీ ముచ్చటైనది. గుజ్జుకు బలం కొల్లాజెన్ అనే మూడు పేటల తాడు. (ఆ పేటల అల్లికను 1954లో ఎక్స్‌రేల సాయంతోనే విప్పి చెప్పినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా.) ఆ తాళ్ల మధ్య నీటిని పట్టి ఉంచేవి ఋణావేశం గల చక్కెర గొలుసులు. అరుగుదల మొదలైతే, గుజ్జు పలచబడక ముందే ఈ గొలుసులు తగ్గిపోతాయి. ఋణావేశం ఉన్న అయోడిన్ మందును ఆరోగ్యంగా ఉన్న గుజ్జు నెట్టేస్తుంది, దెబ్బతిన్న చోటు లోపలికి రానిస్తుంది. 2006లో పామర్, గుల్డ్‌బర్గ్, లెవెన్‌స్టన్ అనే అమెరికా పరిశోధకులు ఇదే సూత్రంతో సూక్ష్మ సీటీలో గుజ్జు ఆకారాన్ని, ఆవేశాన్ని కలిపి త్రీడీలో కొలిచారు. తర్వాత బోస్టన్‌లో గ్రిన్‌స్టాఫ్ బృందం ధనావేశం గల మందు చేసింది. దాన్ని మంచి గుజ్జే లాక్కుంటుంది, తక్కువ మందుతో పని జరుగుతుంది. అయితే అది ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది, మన ఆసుపత్రుల్లో దొరికేది కాదు.

మరి మన చీటీ సంగతి? వయసుతో వచ్చే మామూలు అరుగుదలకు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే, డాక్టరు చేతి పరీక్ష చాలావరకు సరిపోతాయి. నా అభిప్రాయంలో, చీటీ రాసిన డాక్టరును ముందు ఒక్క మాట అడగాలి: "ఈ స్కానింగు చూశాక వైద్యం మారుతుందా?" మారదంటే ఆ డబ్బు తొడ కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీకి ఇవ్వడం మేలు.

మారుతుందంటే తప్పక పంపుదాం. వెళ్లేవారు పాత ఫిల్ములన్నీ తీసుకెళ్లాలి. మునుపు అయోడిన్ మందు పడకపోయి ఉంటే ముందే చెప్పాలి. మోకాలు ఎర్రబడి, వాచి, జ్వరం ఉంటే సూది వేయించుకోకముందే ఆ మాట చెప్పాలి. సూది తర్వాత ఒకటి రెండు రోజులు కీలు బిగుసుకున్నట్టు ఉండవచ్చు. నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే వెంటనే ఆసుపత్రికి తిరిగి వెళ్లాలి.