పాలు పడకపోతే

పాలు బలం అంటారు. నిజమే. కాని కొందరికి పాలు పడవు. తాగిన కొద్ది గంటల్లోనే కడుపు ఉబ్బుతుంది. గుడగుడమంటుంది. గ్యాసు వస్తుంది. నీళ్ల విరేచనాలవుతాయి.

"దిష్టి తగిలింది" అంటారు కొందరు. "పాలు ఇష్టం లేక వంకలు పెడుతోంది" అంటారు మరికొందరు. ఇది దిష్టి కాదు. వంకా కాదు. మరేమిటి?

కడుపులో ఏం జరుగుతుంది?

పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది. దాని పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే పదార్థం మన చిన్నపేగులో తయారవుతుంది. పసితనంలో అది బాగా తయారవుతుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు పాల చక్కెర సరిగా అరగదు. అలాగే పెద్దపేగులోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఇడ్లీ పిండి పులిస్తే పొంగుతుంది కదా! అలాగే కడుపులో గ్యాసు పుడుతుంది. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. అందుకే విరేచనాలు.

ప్రపంచంలో సగానికి పైగా పెద్దవాళ్లకు పాల చక్కెర పూర్తిగా అరగదు. అయితే అందరికీ బాధ కలగదు.

మరి ఏం చేయాలి?

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఇలా మాట్లాడుకున్నారు.

"నువ్వు నీళ్లోసుకున్నావు. పాలు మానేస్తే ఎట్లాగే అమ్మాయీ? ఎముకలకు బలం వద్దూ?"

"పాలే పడవు అత్తయ్యా. మజ్జిగ పడుతుంది. రాగిజావ కూడా తాగుతున్నాను."

కోడలు చెప్పింది సరైనదే. పాలు తోడుకునేటప్పుడు కొంత చక్కెర తగ్గిపోతుంది. అందుకే పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. పాలు కూడా కొద్దిగా, అన్నంతోపాటు తీసుకుంటే కొందరికి ఇబ్బంది ఉండదు.

ఎముకలకు కాల్షియం కావాలి. 100 గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో 300కు పైనే ఉంటుంది. నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు కూడా మంచివి.

జాగ్రత్త!

* పసిబిడ్డకు విరేచనాలైతే తల్లిపాలు మాన్పించకండి. ఓఆర్ఎస్ తాగించండి. ఆసుపత్రిలో చూపించండి.
* పాలు తాగగానే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది వేరే జబ్బు. దాన్ని ఎలర్జీ అంటారు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
* విరేచనంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించుకోవాలి.

చెప్పండి చూద్దాం

1. పాలు పడనివారికి మజ్జిగ ఎందుకు పడుతుంది?
2. మీ ఇంట్లో ఎవరికి ఏ తిండి పడదు? వాళ్ల మాట మీరు నమ్ముతున్నారా?