సీటు వచ్చునా? – ప్రవేశావకాశమును లెక్కించు విధానము

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుతున్న విద్యార్థిని, “నీకు కోరిన విశ్వవిద్యాలయములో సీటు వస్తుందా?” అని అడిగితే సాధారణముగా రెండు జవాబులు వినిపిస్తాయి. “తప్పక వస్తుంది” అన్నది ఒకటి. “మనవంటి వారికి ఎక్కడ వస్తుంది?” అన్నది రెండవది. ఈ రెండింటిలోను లెక్క లేదు. మొదటి జవాబు చెప్పినవాడు ఒక సంవత్సరము పోగొట్టుకొనవచ్చును; అయినను వాడు పరీక్ష వ్రాస్తాడు, ఫలితము చూస్తాడు, తన అంచనాను సరిదిద్దుకొంటాడు. రెండవ జవాబు చెప్పినవాడు దరఖాస్తే పెట్టడు. వాని పేరు ఏ జాబితాలోను చేరదు. కావున వాడు కోల్పోయినది ఏమిటో వానికి గాని, ఇంటివారికి గాని, కళాశాలకు గాని ఎన్నడును తెలియదు.

ఉర్దూలోని ‘అందాజా’ మన ప్రాంతపు తెలుగులో ‘అందాజు’ అయినది. ‘హిసాబ్’ ‘హిసాబు’ అయినది. రెండు భాషలవారమును ఈ రెండు మాటలను నిత్యము వాడుతూనే ఉన్నాము. పసుపు రైతు చేనిని చూచి దిగుబడిని అందాజుగా చెప్తాడు. తూకము, ధర, ఖర్చు వ్రాసుకొన్న తరువాతనే హిసాబు తేలుతుంది. ప్రవేశముల విషయములో మన విద్యార్థులలో అనేకులు అందాజు దగ్గరనే ఆగిపోతున్నారు. హిసాబు ఎట్లు వేయవలెనో ఈ వ్యాసములో పరిశీలింతము.

మన సమీపమున ఉన్న ద్వారములు

మన విద్యార్థికి విశ్వవిద్యాలయము అనగానే హైదరాబాదు గుర్తుకు వస్తుంది. అది సహజము. 1918లో ఉర్దూ బోధనా భాషగా ప్రారంభమైన ఉస్మానియా, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము, 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము అక్కడనే ఉన్నవి. వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా మొదలైన నేటి ఎన్.ఐ.టి. ఉన్నది. అయితే మన ఇంటి ముంగిటనే ఉన్నవానిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. కొండగట్టు సమీపమున నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి ఇంజనీరింగు కళాశాల 2007 నుండి నడుస్తున్నది. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నవి. సిరిసిల్లలో అదే సాంకేతిక విశ్వవిద్యాలయపు మరియొక ఇంజనీరింగు కళాశాల 2021లో ప్రారంభమైనది. ఈ సంస్థలకు ఇతర జిల్లాల నుండి విద్యార్థులు వెదకికొని వస్తున్నారు.

పరీక్షకు ముందు అంజన్నకు మొక్కుకొనువారును, దర్గాలో దువా చేయువారును మనలో ఉన్నారు. ఆ విశ్వాసమునకు ఈ లెక్క అడ్డు రాదు. కాని గుట్ట దగ్గరనే ఉన్న కళాశాలలో గత సంవత్సరము చివరి సీటు ఏ ర్యాంకు వద్ద నిండినదో మనలో ఎంతమందికి తెలుసు?

మార్కులు వేరు, ర్యాంకు వేరు

మొదట తొలగించుకొనవలసిన భ్రమ మార్కుల గురించినది. తెలంగాణలో 2023 వరకు ఎంసెట్ అనబడి, 2024 నుండి ఈ.ఏ.పి.సెట్ అను పేరుతో జరుగుతున్న ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు ఉంటాయి. ఇంజనీరింగు విభాగములో 80 మార్కులు గణితమునకు, 40 భౌతికశాస్త్రమునకు, 40 రసాయనశాస్త్రమునకు కేటాయింపబడినవి. తప్పు జవాబుకు మార్కులు తగ్గింపరు. రిజర్వేషను లేని విద్యార్థికి అర్హత మార్కులు 40. అర్హత పొందుట అనగా వరుసలో నిలుచుటకు అనుమతి పొందుట మాత్రమే. సీటు పొందుట కాదు.

పరీక్ష పలు విడతలుగా జరుగుతుంది. ఒక విడత ప్రశ్నపత్రము కఠినముగాను, మరియొకటి తేలికగాను ఉండవచ్చును గనుక మార్కులను సమన్వయము చేసి ర్యాంకు ఇస్తారు. అందువలన “నాకు 70 మార్కులు వచ్చినవి, నీకు 68 వచ్చినవి” అన్న పోలికకు విలువ తక్కువ. పెద్దవారు చెప్పే పాత లెక్కలను కూడ జాగ్రత్తగా వినవలెను. పూర్వము ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతము వెయిటేజీ ఉండెడిది. 2023లో దానిని శాశ్వతముగా తొలగించారు. అన్నకు పనిచేసిన లెక్క తమ్మునికి పనిచేయక పోవచ్చును.

జాతీయ స్థాయి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో వచ్చే ‘పర్సెంటైలు’ మరియొక చిక్కు. 90 పర్సెంటైలు అనగా నూటికి 90 మార్కులు కాదు. పరీక్ష వ్రాసిన ప్రతి వందమందిలో 90 మంది ఆ విద్యార్థితో సమానముగానో, అంతకంటె తక్కువగానో ఉన్నారని అర్థము. పది లక్షల మంది వ్రాసినారనుకొంటే అతని ముందు సుమారు లక్షమంది ఉన్నట్లు. సంతోషింపదగినదా, విచారింపదగినదా అన్నది సీట్ల సంఖ్యను చూచిన తరువాతనే తెలుస్తుంది.

మనము ఏ వరుసలో నిలిచినాము?

“లక్షలమంది వ్రాస్తారు, వందల సీట్లు ఉంటాయి, ఇక మనకేమి దొరకును?” అన్న వాదము లాటరీకి సరిపోవును గాని ప్రవేశ పరీక్షకు సరిపోదు. ఇక్కడ అందరును ఒకే వరుసలో లేరు, అందరి ర్యాంకులును ఒకటి కావు.

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము రాష్ట్ర విద్యాసంస్థలలో 85 శాతము సీట్లు స్థానిక విద్యార్థులకు కేటాయింపబడినవి. వరుసగా నాలుగు సంవత్సరములు ఇక్కడ చదివి అర్హత పరీక్ష వ్రాసినవారిని స్థానికులుగా పరిగణించుట ఆ ఉత్తర్వులోని ముఖ్య సూత్రము. ఈ విషయము మన ప్రాంతమునకు మిక్కిలి అవసరమైనది. సిరిసిల్ల నుండి భీవండికి మగ్గముల పనికి వెళ్ళిన కుటుంబములు, కోరుట్ల, జగిత్యాలల నుండి గల్ఫు దేశములకు వెళ్ళిన కుటుంబములు అనేకము. పిల్లవాడు మధ్యలో ఎక్కడ చదివినాడన్నది వాని వరుసను మార్చివేయగలదు. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు స్వరాష్ట్ర విద్యార్థులకు ఉంటాయి. అక్కడ స్వరాష్ట్రమును నిర్ణయించునది పన్నెండవ తరగతి లేక ఇంటర్మీడియట్ ఉత్తీర్ణమైన రాష్ట్రము. జగిత్యాలలో పుట్టి, మహారాష్ట్రలో పన్నెండవ తరగతి ముగించిన విద్యార్థి వరంగల్లు ఎన్.ఐ.టి.కి పరరాష్ట్ర విద్యార్థియే.

ముస్లిం విద్యార్థులు మరియొక సంగతి గమనింపవలెను. 2007 నాటి చట్టము ప్రకారము సామాజికముగా వెనుకబడిన ముస్లిం వర్గములకు బి.సి.–ఇ కింద 4 శాతము రిజర్వేషను ఏర్పడినది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగినది. అయితే ముస్లింలందరును ఈ వర్గములోనికి రారు. సయ్యద్, మొఘల్, పఠాన్ మొదలగు వర్గములను చట్టము మినహాయించినది. వారిలో ఆదాయము తక్కువగా ఉన్నవారు ఆర్థికముగా బలహీన వర్గముల 10 శాతము సీట్లకు తమకు అర్హత ఉన్నదేమో చూడవలెను. విద్యార్థినులకు ప్రతి వర్గములోను మూడవవంతు సీట్లు ఉన్నవి. వ్యవసాయ కోర్సులలో రైతు కుటుంబముల పిల్లలకు ప్రత్యేక కోటా కలదు. ధ్రువపత్రము సకాలములో చేతిలో లేనివాడు ఈ వరుసలలో దేనిలోను నిలువజాలడు. అన్నిటికంటె ముందు ఒక మాట మరువరాదు: మంచి ర్యాంకు వచ్చిన రిజర్వుడు వర్గపు విద్యార్థి సాధారణ సీటునే పొందగలడు. కావున అతడు రెండు వరుసల చివరి ర్యాంకులను చూచుకొనవలెను.

చివరి ర్యాంకు చెప్పే మాట, చెప్పని మాట

ప్రతి సంవత్సరము కౌన్సెలింగు ముగిసిన తరువాత ఏ కళాశాలలో, ఏ శాఖలో, ఏ వర్గమునకు చివరి సీటు ఏ ర్యాంకు వద్ద నిండినదో పట్టికలు వెలువడుతాయి. మన హిసాబుకు ఇదియే మూలధనము. దీనిని చదువుటలో మూడు జాగ్రత్తలు అవసరము.

మొదటిది, ఒక్క సంవత్సరమును నమ్మరాదు. ఊహకు ఒక ఉదాహరణ తీసికొందము. ఒక శాఖలో మూడు సంవత్సరముల చివరి ర్యాంకులు వరుసగా 14,000, 17,500, 12,800 అనుకొందము. 15,000 ర్యాంకు విద్యార్థి చివరి సంవత్సరమును మాత్రమే చూస్తే ఆశ వదలుకొంటాడు. నడిమి సంవత్సరమును మాత్రమే చూస్తే నిశ్చింతగా కూర్చుంటాడు. మూడింటిని కలిపి చూస్తే మూడింట ఒక సంవత్సరమే అతనికి సీటు వచ్చి ఉండెడిది. అవకాశము ఉన్నది, భరోసా లేదు. ఈ ఒక్క వాక్యము చేతికి వస్తే లెక్క ఫలించినట్లే.

రెండవది, సీట్లు తక్కువైన చోట చివరి ర్యాంకు ఎక్కువగా ఊగిసలాడుతుంది. 60 సీట్ల శాఖలో 4 శాతము అనగా 2.4, అనగా రెండు మూడు సీట్లు. ఒక్క విద్యార్థి వేరొక కళాశాలను ఎంచుకొంటే ఆ చివరి ర్యాంకు వేల సంఖ్యలో మారవచ్చును. కావున చిన్న వర్గములో ఉన్న విద్యార్థి గత సంవత్సరపు ర్యాంకును చూచి వెనుదిరుగుట తగదు.

మూడవది, ఏ విడతతో ఏ విడతను పోల్చుతున్నామో చూడవలెను. మొదటి విడతలో సీటు పొందినవారిలో కొందరు ఐ.ఐ.టి.లకు, ఎన్.ఐ.టి.లకు వెళ్ళిపోతారు. తుది విడత నాటికి చివరి ర్యాంకు ఇంకను కిందికి రావచ్చును.

పరీక్షకు ముందే అంచనా వేయదలచినవారు నమూనా పరీక్షలను మూడు గంటల కాలపరిమితితో వ్రాసి, అయిదారు పరీక్షల సగటును తీసికొనవలెను. అన్నిటిలో మంచి మార్కు వచ్చిన ఒక్కదానిని ఎంచుకొనుట అందాజే అగును.

కోరికల పట్టికలో భయమునకు చోటు లేదు

రాష్ట్ర కౌన్సెలింగులో విద్యార్థి తన కోరికలను వరుసగా నమోదు చేస్తాడు. అతని ర్యాంకు వంతు వచ్చినప్పుడు పై నుండి కిందికి చూచుకొంటూ, ఖాళీ ఉన్న మొదటి కోరికను అతనికి ఇస్తారు. కఠినమైన కళాశాలను పైన వ్రాసినందున కింది కోరికకు ఏ నష్టమును కలుగదు. ఈ చిన్న సంగతి తెలియక, “అది ఎట్లాగును రాదు” అని మంచి కళాశాలను వదలివేయువారు ఉన్నారు. నాలుగైదు కోరికలు మాత్రమే వ్రాసి, ఏ సీటును లేక మిగిలిపోవువారును ఉన్నారు.

మామిడి తోట తెలిసినవారికి ఈ పట్టిక తేలికగా బోధపడుతుంది. పై కొమ్మకు ఉన్న కాయలు కొన్ని, చేయి చాచితే అందేవి కొన్ని, నిలుచున్న చోటనే దొరికేవి కొన్ని. గత మూడు సంవత్సరములలో ఎన్నడును తన ర్యాంకుకు రాని శాఖలు మొదటి రకము. ఒకటి రెండు సంవత్సరములు వచ్చినవి రెండవ రకము. మూడేండ్లును వచ్చినవి మూడవ రకము. మూడు రకములును పట్టికలో ఉండవలెను, కోరిక బలమును అనుసరించి వరుస ఉండవలెను.

ర్యాంకు లేని చోట

అమెరికాలోని పేరుమోసిన విశ్వవిద్యాలయములలో చివరి ర్యాంకు అన్నదే లేదు. పాఠశాల మార్కులతో పాటు వ్యాసములు, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, ఇతర కార్యకలాపములు చూస్తారు. అక్కడ లెక్క మరింత మసకగా ఉంటుంది. అయినను ఆ దేశములో క్యారొలైన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఎవెరీ అను ఆర్థికశాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన మనకు అద్దము వంటిది. మంచి ప్రతిభ ఉన్న పేద విద్యార్థులలో అత్యధికులు ఎంపిక చేసే విశ్వవిద్యాలయములకు అసలు దరఖాస్తే పెట్టడము లేదని వారు తేల్చినారు. దరఖాస్తు పెట్టినవారు, అంతే ప్రతిభ గల సంపన్నులతో సమానముగా సీటు పొందుతున్నారు, చదువు పూర్తి చేస్తున్నారు. దరఖాస్తు పెట్టనివారు ఎక్కువగా పెద్ద నగరములకు దూరముగా ఉన్నవారు. అట్టి విశ్వవిద్యాలయములో చదివిన ఉపాధ్యాయుని గాని, తోటి విద్యార్థిని గాని ఎరుగనివారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థుల స్థితి దీనికి భిన్నమని చెప్పుటకు మనకు ధైర్యము చాలదు.

ఉర్దూ మాధ్యమ విద్యార్థులలో ఈ సంకోచము ఇంకను ఎక్కువ. వారు తెలిసికొనవలసినది: రాష్ట్ర ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రము ఇంగ్లీషుతో పాటు తెలుగులో గాని, ఉర్దూలో గాని లభిస్తుంది. వైద్య ప్రవేశపు నీట్ పరీక్షలో 2018 నుండి, జె.ఇ.ఇ. మెయిన్‌లో 2021 నుండి ఉర్దూ చేరినది. భాషను దరఖాస్తు సమయముననే ఎంచుకొనవలెను; తరువాత మార్చుకొనుట కుదరదని తలచి ముందే నిర్ణయించుకొనుట మేలు.

కళాశాల చేయదగిన పని

ఈ హిసాబు ఒక్క విద్యార్థి ఒంటరిగా వేయగలిగినది కాదు. కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటే. ప్రతి సంవత్సరము మన విద్యార్థులలో ఎవరు ఏ పరీక్ష వ్రాసినారు, ఏ ర్యాంకు వచ్చినది, ఏయే కోరికలు పెట్టినారు, ఎక్కడ సీటు వచ్చినది, ఎక్కడ రాలేదు అన్నది పేర్లు లేకుండా ఒక పుస్తకములో తెలుగులోను ఉర్దూలోను వ్రాసి గ్రంథాలయములో ఉంచవలెను. సీటు వచ్చినవారి కథ ఊరంతా తెలుస్తుంది. రానివారి కథ ఎవరికిని తెలియదు. రెండును ఉన్నప్పుడే లెక్క నిజమగును. దరఖాస్తు పెట్టని విద్యార్థుల సంఖ్యకు కూడ అందులో ఒక పుట కేటాయింపవలెను. అయిదు సంవత్సరములు గడచిన తరువాత ఆ పుట పలుచబడినదో, దళసరి అయినదో చూచుకొంటే మన కళాశాల చేసిన పని ఎంతో బయటపడుతుంది.

నియమములు ఏటేటా మారుతాయి గనుక ఆ సంవత్సరపు సమాచార పుస్తకమును స్వయముగా చదువుట విద్యార్థి బాధ్యత. ధ్రువపత్రములను డిసెంబరు నాటికే సమకూర్చుకొని, మూడేండ్ల చివరి ర్యాంకులను ఒక కాగితము మీద వ్రాసికొని, అప్పుడు “నాకు సీటు వచ్చునా?” అని అడుగవలెను. ఆ కాగితము చెప్పే జవాబు కొందరికి కొంత నిరాశ కలిగింపవచ్చును. కాని ఎక్కువమందికి, తాము అనుకొన్నదాని కంటె వాకిలి తెరచియే ఉన్నదని అది చూపిస్తుందని మా నమ్మకము.