సంపాదన మీద పన్నా? సరుకు మీద పన్నా?



మన విచారణల్లో ఎన్నో ఇళ్లనుండి కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారు. వారిలో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నవారు "ఇక్కడ మా జీతం మీద రాష్ట్ర ప్రభుత్వం పన్ను వేయదు" అని ఫోనులో సంతోషంగా చెబుతుంటారు. ఆ మాట నిజమే. కేంద్రానికి కట్టే ఆదాయపు పన్ను దేశమంతటా ఉన్నా, రాష్ట్రానికి కట్టవలసినది అక్కడ లేదు. అయితే రోడ్లు, బడులు, పోలీసులు టెక్సాస్‌లోనూ ఉన్నారు గదా! వాటికి డబ్బు ఎక్కడినుండి వస్తున్నది? చాలావరకు ఇంటి పన్నునుండీ, అంగట్లో సరుకు కొన్నప్పుడు చెల్లించే అమ్మకపు పన్నునుండీ వస్తున్నది. ఆ అమ్మకపు పన్ను రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలకు మరో 2 శాతం వరకు, మొత్తం 8.25 శాతం దాకా ఉంటుంది.

"ఆదాయపు పన్ను తీసివేద్దాం, ఆ లోటును అమ్మకపు పన్ను పెంచి పూడ్చుకుందాం" అనే ఆలోచన అమెరికా రాష్ట్రాల్లో తరచుగా తలెత్తుతున్నది. ఈ వారం మన పాఠం దాని గురించే. ఇది ఆర్థికవేత్తల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఎవరి కంచంలోనుండి ఎంత తీయాలి అన్నదే పన్ను ప్రశ్న. కాబట్టి అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

1. రెండు పన్నుల స్వభావం

ఆధునిక పద్ధతిలో ఆదాయపు పన్నును విజయవంతంగా అమలుపరచిన మొదటి రాష్ట్రం విస్కాన్సిన్. అది 1911లో జరిగింది. అమ్మకపు పన్ను 1930లలో, మహా మాంద్యం రోజుల్లో, ఖజానాలు ఖాళీ అయినప్పుడు ఒక రాష్ట్రంనుండి మరొక రాష్ట్రానికి పాకింది. నేడు టెక్సాస్, ఫ్లోరిడా, టెనెస్సీ వంటి కొన్ని రాష్ట్రాలు జీతాల మీద పన్ను వేయవు. ఆరెగాన్, మోంటానా వంటి కొన్నింటికి రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు. తక్కిన చాలా రాష్ట్రాల్లో రెండూ ఉన్నాయి.

ఆదాయపు పన్ను మనిషిని చూసి "నీకు ఎంత వచ్చింది? ఎంతమందిని పోషిస్తున్నావు?" అని అడుగుతుంది. అమ్మకపు పన్ను మనిషిని చూడదు, సరుకును చూస్తుంది. సబ్బుబిళ్ల కొన్న చెయ్యి కూలి చేసే వితంతువుదా, మిల్లు యజమానిదా అన్నది దానికి అక్కరలేదు. ఇద్దరి దగ్గరా అంతే తీసుకుంటుంది. పైకి చూస్తే ఇది సమానత్వమే. లోతుకు వెళ్తే అవునో కాదో ఆలోచించాలి.

2. మార్పు కోరేవారి వాదన

వారి మాటను ముందు న్యాయంగా వినాలి. వారు మూడు విషయాలు చెబుతారు. మొదటిది: ఆదాయపు పన్ను కష్టపడేవానికి, పొదుపు చేసేవానికి శిక్ష వంటిది. అమ్మకపు పన్ను ఖర్చుపెట్టేవాని మీద పడుతుంది గనుక పొదుపును ప్రోత్సహిస్తుంది. రెండవది: పన్ను లేని రాష్ట్రానికి పరిశ్రమలు, ఉద్యోగులు తరలిపోతున్నారు, పోటీలో వెనుకబడకూడదు. మూడవది: ఆదాయం దాచిపెట్టేవాడు కూడా సరుకు కొనక తప్పదు, చూడవచ్చిన యాత్రికుడూ కొంటాడు, కాబట్టి అందరూ పన్ను చెల్లిస్తారు.

వీటిలో సత్యం లేకపోలేదు. ముఖ్యంగా మూడవ మాటలో బలముంది. కాని ఒక్క ప్రశ్నకు ఇవి జవాబు చెప్పవు. ఖజానాకు అంతే డబ్బు కావాలంటే, ఒకరి మీదనుండి దించిన బరువు ఎవరి తలమీదికి ఎక్కుతుంది?

3. ఒక చిన్న లెక్క

పలకా బలపం తీసుకుని మీరే వేసి చూడండి. ఒక ఊరిలో 21 కుటుంబాలు ఉన్నవనుకుందాం. ఇరవై కుటుంబాలకు ఏడాదికి తలా 25,000 డాలర్ల రాబడి. ఒక్క కుటుంబానికి 5,20,000 డాలర్లు. మొదటి 20,000 డాలర్లు వదిలి, పైదాని మీద 4 శాతం ఆదాయపు పన్ను ఉందనుకుందాం. చిన్న కుటుంబం ఒక్కొక్కటి 200 డాలర్లు కడుతుంది. ఇరవై ఇళ్లనుండి 4,000. పెద్ద కుటుంబం 20,000 కడుతుంది. మొత్తం 24,000 డాలర్లు.

ఇప్పుడు ఆ పన్ను తీసివేసి, అదే 24,000 అమ్మకపు పన్నుగా రాబట్టాలి. అద్దెకు, తిండి సరుకులకు పన్ను లేదనే అనుకుందాం. బట్టలు, చెప్పులు, సబ్బులు, ఇంటి సామానుల వంటివాటికి చిన్న కుటుంబం ఏడాదికి 12,000, పెద్ద కుటుంబం 60,000 ఖర్చు పెడతాయనుకుందాం. అందరి కొనుగోలు కలిపితే 3,00,000. దానిలోనుండి 24,000 రావాలంటే పన్ను 8 శాతం ఉండాలి. అప్పుడు చిన్న కుటుంబం 200కు బదులు 960 డాలర్లు కడుతుంది. పెద్ద కుటుంబం 20,000కు బదులు 4,800 కడుతుంది. ఖజానాకు ఒక్క డాలరు కూడా ఎక్కువ రాలేదు. బరువు మాత్రం భుజం మారింది.

కారణం సులభమే. లేనివాడు వచ్చినదంతా ఖర్చు పెడతాడు, ఖర్చు పెట్టక తప్పదు. ఉన్నవాడు ఎంత అనుభవించినా చాలా భాగం మిగులుతుంది. ఆ మిగులును అమ్మకపు పన్ను తాకదు.

ఇది ఊహించిన ఊరి లెక్క. నిజమైన లెక్కలూ ఇదే దారి చూపుతున్నాయి. పన్నుల విధానాన్ని పరిశీలించే ఐటెప్ అనే అమెరికా సంస్థ 2024లో అన్ని రాష్ట్రాలనూ పోల్చింది. ఆదాయపు పన్ను లేని ఫ్లోరిడాలో అట్టడుగు ఐదవ వంతు కుటుంబాలు తమ రాబడిలో 13.2 శాతం రాష్ట్ర, స్థానిక పన్నులకు ఇస్తున్నాయి. పైనున్న నూటికొక కుటుంబం ఇచ్చేది 2.7 శాతం.

4. లూసియానా నేర్పే పాఠం

లూసియానా కతోలికులు బాగా ఉన్న రాష్ట్రం. ఇతర రాష్ట్రాలు కౌంటీ అనే జిల్లాను అక్కడ నేటికీ 'పేరిష్', అంటే 'విచారణ' అనే పిలుస్తారు. పన్నుల మార్పిడి రెండు దిక్కులా జరిగిన చోటు అది.

2002లో విక్ స్టెలీ అనే శాసనసభ్యుని పేరుతో ప్రసిద్ధమైన ఒక ప్రణాళికను ప్రజలు ఓటువేసి ఆమోదించారు. ఆహారం మీద, వైద్యుడు వ్రాసిచ్చిన మందుల మీద, ఇంటి కరెంటు, నీళ్ల మీద రాష్ట్ర అమ్మకపు పన్ను తీసివేశారు. బదులుగా ఎక్కువ రాబడి కలవారి ఆదాయపు పన్ను పెంచారు. అంటే మనం ఇప్పుడు చర్చిస్తున్న మార్పిడికి ఇది తిరగబడిన రూపం.

కాని 2007, 2008 సంవత్సరాల్లో, ఖజానా నిండుగా కనిపించిన రోజుల్లో, శాసనసభ ఆ ఆదాయపు పన్ను పెంపును రద్దు చేసింది. తరువాత మాంద్యం వచ్చింది, కొన్నేళ్లకు చమురు ధరలూ పడిపోయాయి. లోటు ఏర్పడింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఇచ్చే నిధులను బాగా కోసివేశారు.

2013లో గవర్నరు బాబీ జిందాల్ ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తివేసి, 4 శాతం ఉన్న రాష్ట్ర అమ్మకపు పన్నును దాదాపు 6 శాతానికి పెంచుదామన్నారు. వ్యాపారులు కొందరు ఒప్పుకోలేదు. పేదవారి మీద భారం పడుతుందని పలు సంఘాల కాపరులూ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. చివరికి ఆయనే ప్రతిపాదనను ప్రక్కన పెట్టారు.

ఒక్కసారిగా జరగనిది మెల్లమెల్లగా జరిగింది. లోటు పూడ్చడానికి 2016లో రాష్ట్ర అమ్మకపు పన్ను 5 శాతమైంది. 2018లో 4.45కు దిగింది. 2024 నవంబరులో గవర్నరు జెఫ్ లాండ్రీ కాలంలో, 4.25 శాతం దాకా ఉన్న ఆదాయపు పన్నును అందరికీ ఒకే 3 శాతం చేశారు. 2025 జనవరి 1నుండి అమ్మకపు పన్ను మళ్లీ 5 శాతమైంది. ఒంటరి వ్యక్తికి మొదటి 12,500 డాలర్ల మీద ఆదాయపు పన్ను లేకుండా చేశారు. అది మంచిదే, చెప్పుకోవాలి. కాని స్థానిక పన్నులు కలిపితే అమ్మకపు పన్ను సగటున 10 శాతం దాటుతుంది. ఎన్నోచోట్ల ఆ స్థానిక పన్ను తిండి సరుకుల మీద కూడా ఉంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. మార్పిడి అంటే ఒప్పందం. ఒప్పందంలో రెండు సగాలు ఉంటాయి. 2002 ఒప్పందంలో ఆహారానికిచ్చిన మినహాయింపు నిలిచింది. కలవారు భరించవలసిన సగం ఆరేళ్లు తిరగకముందే పోయింది. దానివల్ల తగ్గిన రాబడికి తక్కిన సరుకులన్నీ జవాబు చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఎవరైనా "ఇది తీసి అది వేస్తాం, పేదవారికి మినహాయింపు ఇస్తాం" అన్నప్పుడు, ఆ మినహాయింపు ఎన్నాళ్లుంటుంది, లోటు వస్తే మొదట దేన్ని ముట్టుకుంటారు అని అడగడం వివేకం.

కాన్సాస్ అనుభవమూ ఇటువంటిదే. 2012లో అక్కడ ఆదాయపు పన్నును బాగా తగ్గించారు. లోటు తట్టుకోలేక 2015లో అమ్మకపు పన్నును 6.15నుండి 6.5 శాతానికి పెంచారు. అప్పుడు రొట్టెకు, పాలకు కూడా అదే పన్ను! 2017లో శాసనసభ గవర్నరు కాదన్నా లెక్కచేయక ఆ తగ్గింపులో ఎక్కువ భాగాన్ని వెనక్కి తీసుకున్నది. ఆహారం మీద రాష్ట్ర పన్ను విడతలవారీగా తగ్గి, 2025 జనవరికి సున్నా అయింది.

5. సమానమా, న్యాయమా?

పవిత్ర గ్రంథంలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. నిర్గమకాండము 30వ అధ్యాయంలో జనాభా లెక్క సమయాన ధనికుడైనా దరిద్రుడైనా తలకు అర తులమే ఇవ్వాలి. అది ప్రాణానికి విలువ. దేవుని ఎదుట అందరి ప్రాణమూ ఒకటే గనుక అది ఒకే మొత్తం, అదీ చిన్న మొత్తం. కాని లేవీయకాండము 5వ అధ్యాయంలో బలి విషయం వచ్చేసరికి, గొఱ్ఱెను తేలేనివాడు రెండు గువ్వలను, అవీ తేలేనివాడు కొంచెం పిండిని తెస్తే చాలునన్నారు. మరియ యోసేపులు దేవాలయానికి తీసుకువెళ్లినది ఆ పేదల కానుకనే.

పునీత తోమాసు అక్వినాసు గారు బోధించిన పంపక న్యాయం కూడా ఇదే. అందరికీ ఒకే అంకె కాదు, అందరికీ తగిన పాలు. 1961లో పోపు 23వ జాన్ గారు తమ విశ్వలేఖ 'మాతర్ ఎత్ మజిస్త్ర'లో పన్ను భారం చెల్లించేవారి శక్తికి తగినట్లు ఉండాలన్నారు. 1986లో అమెరికా మేత్రాణులు ఆర్థిక న్యాయం గురించిన కాపరి లేఖలో పన్నుల విధానాన్ని పేదలమీద పడే ప్రభావాన్నిబట్టి పరీక్షించాలని కోరారు. ప్రజావసరాలకు చాలినంత రాబడి రావాలనీ, ఎక్కువ కలవాడు ఎక్కువ పాలు భరించాలనీ చెప్పారు. ఫలానా పన్ను వేయండి, ఫలానాది తీయండి అని తిరుసభ చెప్పదు. అది పౌరులు, పాలకులు తేల్చుకోవలసినది. తూచడానికి త్రాసును మాత్రం మన చేతికిస్తుంది.

6. మన ఇంటి సంగతి

మన దేశంలో ఈ మార్పిడి అచ్చంగా ఇలాగే జరగదు. రాజ్యాంగం ప్రకారం, వ్యవసాయాదాయం తప్ప, ఆదాయం మీద పన్ను కేంద్రానిది. కాని ఒక పన్ను పోయినచోట అమ్మకపు పన్ను రావడం మనకూ క్రొత్త కాదు. 1939లో, కోస్తా, రాయలసీమలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధంవల్ల పోయిన రాబడిని పూడ్చుకోవడానికే అమ్మకపు పన్ను తెచ్చింది. 2017లో జి.ఎస్.టి. వచ్చింది. 2025 సెప్టెంబరు 22నుండి స్నానపు సబ్బు, టూత్‌పేస్టు, తలనూనెల మీద పన్ను 18నుండి 5 శాతానికి తగ్గింది.

"మేము పన్ను కట్టేవాళ్లం కాదు ఫాదర్‌గారూ, మాకు అంత జీతం ఎక్కడిది?" అనే మాట మన ఊళ్లలో తరచుగా వినిపిస్తుంది. అది సరికాదు. సబ్బు కొన్న ప్రతి తల్లీ పన్ను కట్టినదే. కట్టిన పన్నుకు లెక్క అడిగే హక్కు ఆమెకూ ఉంది. కూలివాడు ప్రభుత్వ ఆసుపత్రి వరుసలో నిలబడితే భిక్షకు నిలబడినట్లు కాదు, తాను చెల్లించినదానికి నిలబడినట్లు.

కుటుంబంలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. ఈ నెల మీ ఇంటి బిల్లులు తీసి చూడండి. ఏ సరుకుల మీద ఎంత పన్ను పడింది? నెల రాబడిలో అది ఎన్నో వంతు?

2. "బిల్లు వద్దు, పన్ను తగ్గించి ఇవ్వండి" అని దుకాణదారుని అడిగినప్పుడు ఆ తగ్గిన భారం ఎవరి మీద పడుతుంది?

3. అమెరికాలో ఉన్న మీ పిల్లలను అడగండి: వారి రాష్ట్రంలో ఏయే పన్నులు ఉన్నాయి? వారి ఇల్లు ఊడ్చే మనిషి, వారి కారు కడిగే మనిషి తమ రాబడిలో ఎంత కడుతున్నారు?