అర్థశౌచము: వస్తువు, ముద్ర, మనస్సు

శౌచమనగా స్నానము, మడివస్త్రము, ఆచమనము అని మాత్రమే తలచువారు అనేకులు. మనుస్మృతి పంచమాధ్యాయము ఈ విషయమున కొంచెము కఠినముగానే మాట్లాడినది. మట్టితోను నీటితోను కలిగెడు శుద్ధి అసలైన శుద్ధి కాదనియు, ధనవిషయమున శుచియైనవాడే శుచి యనియు, శౌచములన్నింటిలో అర్థశౌచమే శ్రేష్ఠమనియు అచ్చట నిర్ణయింపబడినది. ఆ అధ్యాయముననే రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసము అను లోహములను బూడిదతోను, పులుపుతోను, నీటితోను శుభ్రపరచవలెనని కూడ కలదు. పూజాపాత్రలను చింతపండుతో తోమెడు ఇల్లాలు తెలిసియో తెలియకయో మనువు మాటనే నడపుచున్నది. పాత్రను తోముటకు పులుపు చాలును. కాని దానిని కొన్న సొమ్ము, కొన్నప్పటి బుద్ధి, అమ్మినవాని మాట - ఇవి తోమబడుట ఎట్లు?

నేటి గృహస్థునకు ఈ ప్రశ్న మునుపటికంటె దగ్గరగా వచ్చి నిలిచినది. కర్పూరపు పెట్టె మొదలు కల్యాణపు ఆభరణము వరకు ప్రతి వస్తువు పైనను ఒక పేరు, ఒక ముద్ర ఉండును. కొందరు ఆ పేరునే కొందురు, లోపలి వస్తువును చూడరు. మరికొందరు, "పేరుతో పనియేమి, అంతయు మాయయే కదా" అని చౌకబారు సరకు తెచ్చి దేవుని ముందు పెట్టి, దానికి వైరాగ్యమని పేరు పెట్టుదురు. రెండవది కూడ ఒక విధమైన ముద్రయే, వైరాగ్యముద్ర! శాస్త్రము ఈ ఇరువురి పక్షమునను లేదు.

వస్తువునకు పుట్టిన చోటిని బట్టి పేరు పెట్టుట మనకు క్రొత్త గాదు. పాణిని చతుర్థాధ్యాయమున "కాపిశి" అను ఊరి పేరునకు ప్రత్యేకముగా ఒక ప్రత్యయమునే విధించెను. దానివలన సిద్ధించిన శబ్దమునకు కాశికావృత్తి చూపు ఉదాహరణములలో ఆ ప్రాంతపు ద్రాక్ష యొకటి. ఒక ఊరి పంటకై వ్యాకరణసూత్రము పుట్టినదన్న, ఆ పేరునకు ఎంత విలువ యుండెనో ఊహింపవచ్చును. పేరునకు విలువ యున్నచోట దొంగపేరు కూడ పుట్టును. కౌటిల్యుని అర్థశాస్త్రము చతుర్థాధికరణమున దీనికి శిక్ష చెప్పబడినది. కొయ్య, లోహము, మణి, చర్మము, నూలు మొదలగువానితో చేసిన సరకులలో మేలిరకము కానిదానిని మేలిరకమని అమ్మినవానికి వెలకు ఎనిమిది రెట్లు దండము. ఒక చోట పుట్టని దానిని అచ్చట పుట్టినదని అమ్మినను, చూపినది యొకటి, పెట్టెలో మార్చి యిచ్చినది మరియొకటి అయినను ఏబదినాలుగు పణములు దండము. మనువు కూడ అష్టమాధ్యాయమున, ఒకదానిలో మరియొకటి కలిపిన సరకును, సారహీనమైన సరకును, తక్కువ తూగు సరకును, దూరమున దాచి చూపు సరకును అమ్మరాదని శాసించెను. వీరెవ్వరును వస్తువు మాయ కాబట్టి కల్తీయైనను ఫరవాలేదని చెప్పలేదు.

ఈ విచారము పుస్తకములలోనే నిలిచిపోవలసినది కాదు. 2016 అక్టోబరులో క్రొత్తగా ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నేలపై దీనికి కావలసినంత సామగ్రి యున్నది.

జనగామకు సమీపమున, హైదరాబాదు నుండి వరంగల్లు పోవు త్రోవలో పెంబర్తి గ్రామము కలదు. అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకుపై పని చేయుటలో కాకతీయుల కాలము నుండి ప్రసిద్ధులు. దేవతావాహనములకు, ద్వారములకు, ధ్వజస్తంభములకు తొడుగులు వారి చేతిపని. కాకతీయరాజ్యము పోయిన పిదప ఆ పని క్షీణించి, మరల నిజాముల కాలమున పాందానులు, అత్తరుదానులు చేయుచు బ్రతికినది. రేకును కాల్చి మెత్తపరచి, లక్కపరుపుపై అమర్చి, గీచిన చిత్రమును అనుసరించి ఉలితో సుత్తితో వెనుకనుండియు ముందునుండియు కొట్టి ఉబ్బెత్తుగా తీయుదురు. దెబ్బ ఎక్కువైన రేకు చిరుగును, తక్కువైన స్వామి ముఖమున కళ రాదు. ఆ కొలత ఏ చీటీ పైనను వ్రాసియుండదు, చేతికే తెలియును. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా కౌటిల్యుడు దండముతో కాపాడదలచిన "ఆ చోటనే పుట్టినది" అను మాటను ఇప్పుడు చట్టము కాపాడుచున్నది. ఇది సంతోషింపదగినదే. ఆ ముద్ర లేనిచో యంత్రముపై అచ్చుకొట్టిన రేకు పెంబర్తి పనియని చెలామణియై, నెలల తరబడి సుత్తి పట్టినవాని కూలి మరియొకని సంచిలోనికి పోవును.

అయినను ముద్ర చేసెడు పని అంతవరకే. ఆ తొడుగు ఏ స్తంభమునకు చేరినది, ఎవరి సొమ్ముతో చేరినది, దాతకు తన పేరు చెక్కించుకొనుటయందు ఉన్న శ్రద్ధ ఉత్సవము జరిపించుటయందు ఉన్నదా - ఇవి ముద్ర చెప్పలేదు. అంగళ్లలో దొరకు దీపపు కుందులలో ఇనుముపై ఇత్తడిపూత పూసినవి కూడ ఉండును. అయస్కాంతము పెట్టి చూచిన అవి బయటపడును, శుద్ధమైన ఇత్తడి దానికి అంటదు. స్వామికి సమర్పించు పట్టుపంచె అంచునుండి ఒక పోగు తీసి కాల్చినచో, అసలు పట్టు వెండ్రుక కాలిన వాసన వచ్చి వ్రేళ్లమధ్య నలుగు బూడిదగును. కృత్రిమమైనది కరగి గట్టి పూసగా మిగులును. ఇంత చిన్న పరీక్ష చేయుట లోభము కాదు. భగవంతునికి ఇచ్చునపుడు మోసపోకుండుట కూడ కైంకర్యములో భాగమే.

బంగారము సంగతియు ఇట్టిదే. కౌటిల్యుడు ఒరగంటిపై గీత గీచి పరీక్షించు విధము చెప్పెను. ఇప్పుడు నగపై 916 అను అంకె యుండిన, వేయిపాళ్లలో తొమ్మిదివందల పదునారు పాళ్లు బంగారమని అర్థము. 2021 జూన్ నుండి దశలవారిగా జిల్లాలలో ఈ ముద్ర తప్పనిసరి యైనది. 2023 ఏప్రిల్ నుండి ఆరు అక్షరముల గుర్తు కూడ నగపై ఉండవలెను. కూతురి పెండ్లికి నగ కొను తండ్రి ఆ గుర్తు చూచి తీసికొనవలెను. అంతకుమించి, ఫలానా పెద్ద అంగడి పెట్టెలో వచ్చిన హారమనియే గొప్ప చెప్పుకొనుట బంగారమునకు వన్నె పెంచదు.

ముద్ర ఎంత అవసరమో తెలియవలెనన్న మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెల రైతు నడుగవలెను. అతనికి విత్తనపు సంచిపై చీటీ అలంకారము కాదు. మూలవిత్తనమునకు తెల్లచీటీ, ధ్రువీకరించిన విత్తనమునకు నీలిచీటీ ఉండును. సంచి పేరున్న కంపెనీదివలెనే యుండి, లోపల గింజ వేరైనచో పైరు మొలచునప్పుడు కాదు, కాపునకు వచ్చునప్పుడు గాని తెలియదు. అప్పటికి ఎరువు, కూలి, అప్పు, ఒక సంవత్సరపు ఆయువు పోయి యుండును. ఆ ప్రాంతమునకు చెందిన చపాట మిర్చికి, టమాటవలె గుండ్రముగా నుండి, ఎరుపు మెండుగాను కారము తక్కువగాను ఉండు ఆ కాయకు, 2025లో వరంగల్లు పేరున భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరుతో రంగు కలిపిన పొడి అమ్మువాడు రైతును, వంట చేయు తల్లిని, ఆ వంటను ఆరగింపు పొందు స్వామిని ముగ్గురిని ఒక్కమారే వంచించుచున్నాడు.

ఇక వస్తువు మేలైనది, ముద్ర నిజమైనది, అయినను మనస్సు చెడిపోవు సందర్భము. సభాపర్వమున దుర్యోధనుడు రాజసూయమునకు వచ్చిన కానుకలను ఒక్కొక్కటిగా, ఏ దేశమునుండి ఏ వస్త్రము, ఏ గుఱ్ఱము వచ్చినదో పేర్లతో సహా తండ్రికి వర్ణించును. అతని జ్ఞాపకశక్తి ఆశ్చర్యకరము. అతనికి లేనిదేమి? హస్తినాపురమున అన్నియు ఉన్నవి. ఆ పేర్లు మరియొకని ఇంట ఉన్నవన్నదే అతని వ్యాధి. జూదము అందుండి పుట్టెను. ఇరుగుపొరుగు ఇంటిలోని వస్తువుల పేర్లను కంఠస్థము చేయువారికి సభాపర్వము ఇంకను పాతబడలేదు.

భాగవత దశమస్కంధములోని శ్యమంతకోపాఖ్యానము ఈ విషయమున అన్నింటికంటె నిపుణముగా చెప్పినది. మణి యొక్కటియే, చేతులు అనేకము. సూర్యుడిచ్చిన ఆ మణి దినమునకు ఎనిమిది బారువుల బంగారము ఈనును. సత్రాజిత్తు దానిని పూజామందిరమున ఉంచెను గాని, ఉగ్రసేనునికై శ్రీకృష్ణుడు అడిగినపుడు ఇయ్యలేదు. పూజలో నున్నది దేవుడు కాదు, మణి. ప్రసేనుడు దానిని మెడలో తాల్చి వేటకు పోయెను. అడవిలో ఆ తళతళ ఎవరు చూడవలెనని? సింహము చూచెను. సింహమును చంపి జాంబవంతుడు మణి తీసికొని, గుహలో తన బిడ్డకు ఆటవస్తువుగా నిచ్చెను. రాజులు దాచుకొన్నది అచ్చట పసివాని బొమ్మ! ఈలోగా ద్వారకలో సత్రాజిత్తు, కృష్ణుడే ప్రసేనుని చంపెనని నింద వేసెను. కృష్ణుడు అడవులు వెదకి, ఇరువదియెనిమిది దినములు జాంబవంతునితో పోరి, మణి తెచ్చి నిండుసభలో సత్రాజిత్తునకే ఇచ్చివేసెను. ఆయనకు కావలసినది మణి కాదు, తనపై పడిన మాట తొలగుట. సిగ్గుపడిన సత్రాజిత్తు సత్యభామతో పాటు మణిని కూడ ఇయ్యబోగా, కన్యను స్వీకరించి మణిని త్రిప్పి పంపెను. అటుపిమ్మట శతధన్వుడు ఆ మణికై నిద్రించుచున్న సత్రాజిత్తును చంపుటయు, తుదకది అక్రూరుని యొద్ద నిలుచుటయు పాఠకులకు తెలిసినవే. వినాయకచవితి నాడు అక్షతలు చేతబట్టి ఈ కథ వినెడు మనము చంద్రదోషము సంగతి జ్ఞాపకముంచుకొందుము. మణి ఎవరి చేతిలో ఏమైనదో మరచిపోవుదుము.

శ్రీవేదాంతదేశికులకు విజయనగర రాజాస్థానమునుండి పిలుపు వచ్చెనని, దానికి వారు ఐదు శ్లోకముల వైరాగ్యపంచకముతో బదులిచ్చిరని సంప్రదాయము చెప్పును. తమకు తండ్రి కూర్చినది గాని, తాము ఆర్జించినది గాని లేదనియు, హస్తిగిరిపై తాతగారి ధనము మాత్రము ఉన్నదనియు అందలి చివరి మాట. పితామహుడైన బ్రహ్మ యజ్ఞమున ఆవిర్భవించిన కాంచీ వరదుడే ఆ ధనము. ఆయనను చెప్పుటకు దేశికులు వాడిన శబ్దము "వస్తువు". వసించునది, నిలిచియుండునది వస్తువని ధాత్వర్థము. ఆ లెక్కన అంగడిలో వస్తువని పిలువబడు వానిలో ఎన్ని మిగులును?

కుచేలుని పేరునకే చినిగిన బట్ట కట్టినవాడని అర్థము. లోకము అతనికి వేసిన ముద్ర అది. కాని అతడు తెచ్చిన అటుకులలో కల్తీ లేదు. ఇల్లాలు కష్టపడి సమకూర్చి కొంగున ముడివేసి పంపినవి. స్వామి గుప్పెడు ఆరగించినది వాని నిజమును చూచి, దారిద్ర్యమును చూచి కాదు. ఈ కథ చెప్పి పుచ్చిన కొబ్బరికాయ కొట్టువారు ఇది గమనింపవలెను.

ఈ ఘట్టములను తెనుగువారికి చెవినిండ వినిపించిన మహాకవి ఊరు బమ్మెర కూడ జనగామ జిల్లాలోనిదే, పాలకుర్తి మండలమున ఉన్నది. ఒంటిమిట్టవారు తమవాడనుటయు కలదు. ఆ వాదమిప్పుడు అవసరము లేదు, ఇంటిపేరు బమ్మెర వైపే చూపుచున్నది. రాజులకు కావ్యమిచ్చి ఊళ్లు, వాహనములు, సొమ్ములు పుచ్చుకొనుట తనకు సమ్మతము కాదని పోతన అవతారికలోనే స్పష్టముగా చెప్పి, భాగవతమును శ్రీహరికి ఇచ్చెను. నాగలి పట్టి జీవించెనని చెప్పు చాటువులు, సింగభూపాలుని కథ లోకప్రసిద్ధములు. చాటువు చాటువే, అవతారిక మాత్రము కవి స్వహస్తము. పదిహేనవ శతాబ్దమున రాజాంకితము కంటె పెద్ద ముద్ర కవికి లేదు. అది లేకయే ఆ గ్రంథము ఇంటింట నిలిచినది.

ఆ గ్రంథమున కొన్ని భాగములు శిథిలము కాగా పూరించినవారు ముగ్గురు. పంచమస్కంధము గంగన, షష్ఠము ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయ రచించిరి. పోతన పేరున కలిపివేసిన అడుగువారెవరు? అప్పటికే ఆ పేరునకు గొప్ప గౌరవము. అయినను ముగ్గురును తమ తమ స్కంధముల చివరి గద్యములో తమ పేర్లే చెప్పికొనిరి. నారయ తాను పోతనామాత్యుని ప్రియశిష్యుడనని కూడ చేర్చెను. నేడు అట్టపై పోతన భాగవతమని మాత్రమే ఉండును. ఇంట పారాయణ చేయువారు ఏకాదశస్కంధము ముగియు నాడు ఆ గద్యమును వదలక చదువుదురు గాక.