కొరియా పండ్లరసాల దుకాణమున ఏమి త్రాగవచ్చును?

ప్రశ్న: డాక్టరు గారూ, మావారి ఉద్యోగరీత్యా మేము దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఉంటున్నాము. మా మామగారు నెల్లూరు నుండి వచ్చి కొన్నాళ్లు మా దగ్గర ఉన్నారు. ఆయనకు 68 ఏళ్లు. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, నిఫెడిపిన్, అటోర్వాస్టాటిన్ మాత్రలు వేసుకుంటారు. మా వీధి చివరి పండ్లరసాల దుకాణంలో ఏబీసీ రసం, జామోంగ్ ఎయిడ్, యూజా టీ ఆయనకు బాగా నచ్చాయి. ఏబీసీలో పంచదార పలుకు కూడా కలపడం లేదని దుకాణంవారు చెబుతున్నారు. రోజూ త్రాగవచ్చునా? – ఒక సోదరి, సువోన్

జవాబు: అమ్మా, మందుల పేర్లన్నియు విడువక వ్రాసినందుకు మిమ్ము మనసార అభినందించుచున్నాను, ఏలయన మీరు పేర్కొనిన మూడు పానీయములలో ఒకటి ఆయన వేసికొను మాత్రలతో వైరము గలది, దానిని గూర్చియే ముందుగా చెప్పవలసియున్నది.

కొరియనులు జామోంగ్ అని పిలుచునది గ్రేప్‌ఫ్రూట్. ఇది పంపరపనసకును బత్తాయి జాతికిని కలిగిన సంకరమున పుట్టిన పండు. 1989లో కెనడా పరిశోధకులు కొందరు ఫెలోడిపిన్ అను రక్తపోటు మందుపై మద్యమున కెట్టి ప్రభావము గలదో పరీక్షింపగోరి, మద్యపు రుచి తెలియకుండుటకై దానిని ఈ పండ్లరసములో కలిపి యిచ్చిరి. రక్తమున ఆ మందు ఎవరును ఊహింపనంత హెచ్చుగా కనబడెను. కారణమును వెదకగా వెదకగా దోషము మద్యమున గాక పండ్లరసముననే గలదని తేలినది. మన చిన్నప్రేగు గోడలలో సి.వై.పి. 3ఏ4 అను ఎంజైము కలదు. మనము మ్రింగిన పెక్కు మందులలో కొంత భాగమును అది రక్తమున జేరకమునుపే విచ్ఛిన్నము చేయుచుండును. వైద్యశాస్త్రము మోతాదులను నిర్ణయించునప్పుడు ఈ నష్టమునుగూడ లెక్కలోనికి తీసికొనును. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరనోకౌమరిన్లను పదార్థములు ఆ ఎంజైమును తిరిగి పనిచేయలేనట్లు పాడుచేయును. ప్రేగు క్రొత్త ఎంజైమును సిద్ధము చేసికొనువరకు, అనగా ఒకటి రెండు దినములు, ఒక్కొక్కయెడ మూడు దినములు, ఆయన రోజూ వేసికొను మాత్రయే శరీరమునకు అధికమాత్రయై పరిణమింపవచ్చును. కావున ఉదయము రసము త్రాగి రాత్రి మాత్ర వేసికొందుమన్న ఉపాయము ఇచట పనికిరాదు. నిఫెడిపిన్ హెచ్చినచో రక్తపోటు మితిమీరి పడిపోయి, లేచి నిలువబోగానే తల తిరుగును. అటోర్వాస్టాటిన్ హెచ్చినచో కండరముల నొప్పులు, అరుదుగా కండరముల నాశనము కలుగును. జామోంగ్ నేటినుండియే మాన్పింపుడు. పంపరపనసకును ఇదే గుణము కలదు గనుక దానినిగూడ దూరముంచుడు. బత్తాయికి, కమలాకు ఈ గుణము లేదు. అయితే పండు మానవలెనేగాని, భయపడి మాత్రలు మానరాదు సుమా!

ఇక ఏబీసీ. ఆపిలు, బీటు, క్యారట్టు అను మూడింటి ఆంగ్ల నామముల తొలి అక్షరములే దాని పేరు. ఆ దుకాణములలో ఈ రసమును తీయు యంత్రము మనయింటి మిక్సీవలె గిరగిర తిరుగునది కాదు. మరవంటి కడ్డీ యొకటి మెల్లగా తిరుగుచు ముక్కలను నలిపి పిండగా, ఒక ప్రక్క గొట్టమునుండి ఎఱ్ఱని చిక్కని రసమును, మఱియొక ప్రక్క నుండి పొడిపొడిగా పిప్పియు వెలువడును. అమ్మా, ఆ పిప్పిని ఒకసారి పరికించి చూడుడు. మామగారి కత్యంతావశ్యకమైన పీచు పదార్థమంతయు దాదాపు అందే కలదు, దానిని వారు బుట్టలో పారవేయుచున్నారు. నూరు గ్రాముల ఆపిలులో ఇంచుమించు పది గ్రాముల చక్కెర సహజముగానే యుండును. రెండు ఆపిలులను నమలి తినుటకు ఆయనకు పావుగంట పట్టును, తినునప్పటికి కడుపు నిండును, చక్కెరయు మెల్లమెల్లగా రక్తమున కెక్కును. ఆ రెండింటి రసమును నాలుగు గుక్కలలో త్రాగివేయవచ్చును, రక్తములోని చక్కెరయు అంత వేగముగానే పైకి లేచును. చక్కెర కలపలేదని వారు చెప్పుట నిజమే కాని, మధుమేహ రోగికి ఆ నిజము చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకములలో పండ్లరసములోని చక్కెరను, తేనెను, పాకమును గూడ మితముగా వాడవలసిన చక్కెరల కోవలోనే చేర్చినది; దినమునకు 2000 కేలరీల ఆహారము తినువారి కవన్నియు కలిసి 50 గ్రాములు మించరాదనియు, 25 గ్రాములకు లోబడియున్నచో మఱింత మేలనియు చెప్పినది. ఈ హద్దు ఆరోగ్యవంతులకు. బీటు రసము త్రాగిన మఱునాడు మూత్రము ఎఱ్ఱగా కనబడినచో అది రంగు మాత్రమే, కంగారు పడవలదు. కాని మూత్రపిండములలో రాళ్లున్నవారికి బీటులోని ఆక్సలేటు హాని చేయును.

యూజా టీ అనునది పేరునకే టీ. యూజా అను సుగంధము గల నిమ్మజాతి పండును తొక్కతో సన్నగా తరిగి, దానితో సమాన తూకముగా చక్కెరనో తేనెనో పోసి, గాజు జాడీలో ఊరబెట్టుదురు. దీనిని యూజా ఛంగ్ అందురు. మీ దుకాణపు బల్లమీద పసుపుపచ్చని ముక్కలు పాకములో తేలుచున్న జాడీని మీరు చూచియే యుందురు. అందుండి రెండు పెద్ద చెంచాలు కప్పులో వేసి వేడినీరు పోసినచో, ఆ వేసినదానిలో సగము చక్కెరయే.

మఱి ఆయన ఏమి త్రాగవలెను? బోరిచా, అనగా వేయించిన యవల కషాయము, చక్కెర లేక నిరభ్యంతరముగా త్రాగవచ్చును. వెచ్చగా త్రాగినను చల్లగా త్రాగినను హితమే. పండ్ల రుచి కావలెనన్నచో అక్కడి ఆపిలులో సగము తొక్కతో కోసి యిండు. ఎప్పుడైన సరదాకు ఏబీసీ త్రాగదలచినచో చిన్న కప్పులో సగము, భోజనముతో కలిపి ఇచ్చి, రెండు గంటల తరువాత ఇంట రక్తపరీక్ష చేసి అంకెను వ్రాసికొనుడు. మఱేదైన పానీయము కొనునప్పుడు "షిరప్ పే జుసెయో" యని, పాకము వేయవలదని, ముందే చెప్పుడు. ఒక్క సందర్భమున మాత్రము పండ్లరసమే ఔషధము: గ్లిమెపిరైడ్ వలన ఒక్కొక్కప్పుడు చక్కెర పడిపోయి చెమటలు, వణకు కలుగును, అప్పుడు 150 మిల్లీలీటర్ల ఆపిలు రసము వెంటనే త్రాగించి, పావుగంటకు మఱల పరీక్షింపవలయును.

ప్రశ్న: పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారానికి విడిభాగాలు చేసే సంస్థలో పనిచేస్తున్నాను. మా కొరియా అధికారులు భోజనమయ్యాక మేసిల్ పానకం త్రాగి, అరుగుదలకు మంచిదంటారు. నాకు గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు ఎక్కువ. నేనూ త్రాగవచ్చునా? – ఒక పాఠకుడు, పెనుకొండ

జవాబు: నాయనా, మేసిల్ అనునది పచ్చిగా కోసిన ఒక ఆప్రికాట్ జాతి కాయ. కొరియా దక్షిణమున సంజిన్ నదీతీరమందలి గ్వాంగ్యాంగ్ ప్రాంతము దీనికి ప్రసిద్ధి. వేసవి ఆరంభమున కాయను సమాన తూకపు చక్కెరతో జాడీలో నింపి నూరు దినములు ఊరనిత్తురు. దీని వెనుక గొప్ప సంప్రదాయము గలదు: రాజవైద్యుడు హో జున్ రచించి 1613లో ముద్రితమైన దోంగుయి బోగామ్ అను మహాగ్రంథము కొరియా వైద్యమునకు మూలస్తంభము, మేసిల్ ప్రస్తావన అందును కలదు; దానో పండుగనాడు రాజాస్థానమున పొగబెట్టి ఎండించిన మేసిల్‌ను తేనెతో కాచి చేసిన జేహోతాంగ్ అను దాహశమన పానీయమును పంచెడివారు. ఆ సంప్రదాయమును నేను గౌరవించుచున్నాను. పుల్లని రుచి నోట లాలాజలమును పుట్టించి, భారీ భోజనానంతరము హాయి గొల్పుట నిజమే. కాని మేసిల్‌లోని ఆమ్లము, ముఖ్యముగా సిట్రిక్ ఆమ్లము, మీ గుండెలమంటను హెచ్చించునే గాని తగ్గింపదు. మీరు త్రాగకుండుటయే మేలు. రాత్రి భోజనము నిద్రకు మూడు గంటల ముందు ముగించుడు, తలవైపు మంచము కాళ్లను కొంచెమెత్తుడు. నెలనాళ్లకును తగ్గనియెడల వైద్యుని చూడుడు. ఇంట చేయదలచినవారికొక మాట: పచ్చి కాయ గింజలో సైనైడును విడుదల చేయు అమిగ్డలిన్ కలదు, కనుక గింజ తీసివేసి ఊరవేయవలెను, పచ్చికాయను కొరికి తినరాదు.

ప్రశ్న: మా పది నెలల పాపకు దగ్గు. తేనెతో చేసిన యూజా ఛంగ్ గోరువెచ్చని నీళ్లలో కలిపి పట్టమని పొరుగింటావిడ ఇచ్చింది. పట్టవచ్చునా? – ఒక తల్లి, సియోల్

జవాబు: వలదమ్మా, ఒక్క చుక్కయు వలదు. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె వలన బోటులిజమను ప్రాణాంతకమైన వ్యాధి కలుగవచ్చును. వేడినీట కలిపినంత మాత్రమున ఆ బీజములు చావవు. తల్లిపాలు తఱచుగా నిండు. ఊపిరి వేగముగానున్నను, డొక్కలెగురుచున్నను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు.

ప్రశ్న: నేను బూసాన్‌లో చదువుకుంటున్నాను. నాకు 24 ఏళ్లు. కీళ్లవాతం వలన గుండె దెబ్బతిని ఐదేళ్ల క్రిందట మైట్రల్ కవాటం మార్చారు. కృత్రిమ లోహ కవాటం. అసిట్రోమ్ వేసుకుంటున్నాను. బరువు తగ్గాలని కేల్ ఆకుల పచ్చరసం ఇంటికి తెప్పించుకొని, మూడు రోజులు అదే త్రాగి ఉందామనుకుంటున్నాను. – ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, ఈ ఆలోచన దయచేసి విరమించుకొనుము. కేల్ ఆకులో విటమిన్ కె మిక్కుటము. రక్తము గడ్డకట్టకుండ నీవు వేసికొను అసిట్రోమ్ పనిచేయునది సరిగా ఆ విటమినుకు ఎదురు నిలిచియే. నిత్యము తినని ఆకును ఒక్కమారుగా సీసాలకొలది త్రాగినచో మందు బలము తగ్గి లోహ కవాటముమీద రక్తపు గడ్డ కట్టవచ్చును. ఆ గడ్డ విడివడి మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును. మూడు దినములు వట్టి రసముతో నుండుట వలన తగ్గు బరువులో హెచ్చు భాగము నీరే, మఱల భోజనము చేయగానే తిరిగి వచ్చును; శరీరములోని మలినములను తీయుటకు నీ కాలేయము, మూత్రపిండములు చాలును. నీవు ఆకుకూరలు తినరాదని కాదు, రోజూ ఇంచుమించు ఒకే పరిమాణమున తినవలెనని నా భావము. ఇప్పటికే త్రాగి యున్నచో నీయంతట నీవు మాత్ర మోతాదు మార్చక, ఈ వారమే రక్తము గడ్డకట్టు తీరును కొలుచు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకొనుము; మైట్రల్ లోహ కవాటమునకది సాధారణముగా 2.5 నుండి 3.5 వరకు నుండవలెను. రసపు సీసాను వైద్యునికి చూపుము. ఆయాసము, మాట తడబాటు, కాలుసేతులలో బలహీనత కనబడినచో ఒక్క నిమిషమైన ఆలస్యము చేయక 119కి ఫోను చేయుము.